విద్యార్థులు వ్రాసిన ప్రోగ్రాములు – విమర్శ చేసిన మేలు

కాకిపిల్ల కాకికి ముద్దు అని మనవారు ఊరక అనలేదు. తాను చేసిన వస్తువులోని లోపము చేసినవానికి కనబడుట కష్టము. కుమ్మరి కుండను వ్రేలితో కొట్టి చూచి తృప్తిపడవచ్చును. కాని ఇల్లాలు దానిలో నీరు పోసిన పిమ్మటగాని అది కారునో కారదో తేలదు. కంప్యూటరుకొరకు వ్రాయు ప్రోగ్రాముల సంగతియు ఇట్టిదే. యంత్రము చేయవలసిన పనిని మెట్టు మెట్టుగా, సందేహమునకు తావులేకుండ తెలుపు ఆజ్ఞల వరుసకే ప్రోగ్రాము అని పేరు. అట్టి ప్రోగ్రాముల సముదాయమే సాఫ్టువేరు. దాని చరిత్రను పరిశీలించినచో ఒక విశేషము కనబడును. నేడు లోకమంతయు వాడుకొనుచున్న ప్రోగ్రాములలో కొన్ని మొదట విద్యార్థులు సరదాకు వ్రాసికొన్నవి. వారు వానిని దాచుకొనక పదిమందికి పంచి, తప్పులేవో చెప్పుడని అడిగిరి. అందుచేతనే అవి పెరిగినవి. తెలుగు అక్షరములు కంప్యూటరులో కుదురుకొన్న కథయు ఈ కోవకు చెందినదే.

చరిత్రలోనికి పోవుటకు ముందు ఒక చిన్న ఉదాహరణము చూతము.

వికటకవి పరీక్ష

ఖమ్మమునుండి తల్లాడ, ఏన్కూరుల మీదుగా కొత్తగూడెము పోవు దారిలో జూలూరుపాడు కలదు. ఇది మండల కేంద్రము. ఒకప్పుడు ఖమ్మము జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో ఉన్నది. ఒకవైపు ప్రత్తిచేలు, మిరపచేలు. మరియొకవైపు భద్రాచలము దిక్కునకు సాగిపోవు అడవులు. అచ్చటి ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువు బాలిక ఒకతె ఒక చిన్న ప్రోగ్రాము వ్రాసినదని ఊహింతము. ఎటునుండి చదివినను ఒకే విధముగా నుండు మాటలను గుర్తించుట ఆ ప్రోగ్రాము పని. ఆమె 'జలజ' అను మాట నిచ్చినది, యంత్రము ఔనన్నది. 'నటన' యనిన ఔనన్నది. 'పలక' యనిన కాదన్నది. బాలిక సంతోషించి, దానిని తోడి విద్యార్థులకు చూపినది. వారిలో ఒకడు తెనాలి రామకృష్ణుని కథ జ్ఞప్తికి వచ్చి 'వికటకవి' అను మాట నిచ్చెను. యంత్రము కాదన్నది! 'మహిమ' యనిన అదియు కాదన్నది.

ఇందలి బాలిక మన ఊహ. లోపము మాత్రము ఊహ కాదు. ఉపాధ్యాయులు తమ పాఠశాల కంప్యూటరుపై పరీక్షించి చూడవచ్చును. కారణమేమో చూతము. కంప్యూటరునకు అక్షరములు తెలియవు, అంకెలే తెలియును. ప్రపంచ భాషల అక్షరములన్నిటికిని ఒక్కొక్క సంఖ్య నిచ్చిన ఏర్పాటునకు యూనికోడు అని పేరు. అందు 3072 నుండి 3199 వరకు గల 128 స్థానములు తెలుగునకు కేటాయింపబడినవి. 'క'కు 3093, 'ట'కు 3103, 'వ'కు 3125. అయితే గుడి, కొమ్ము మొదలగు గుర్తులకు కూడ వేరువేరు సంఖ్యలున్నవి, గుడికి 3135. కనుక మనము ఐదు అక్షరములుగా చదువు వికటకవి కంప్యూటరునకు ఏడు సంఖ్యలు: 3125, 3135, 3093, 3103, 3093, 3125, 3135. ఈ వరుసను తలక్రిందులు చేసినచో 3135 మొదటికి వచ్చును. అనగా గుడి తన హల్లును విడిచి ముందునకు దుముకును. రెండు వరుసలును సమానము కావు గనుక యంత్రము కాదన్నది. దాని తప్పు లేదు; చెప్పినట్లే చేసినది. జలజ, నటన అను మాటలలో గుణింతపు గుర్తులు లేవు. అందుచేత లోపము బయటపడలేదు.

దీనికి విరుగుడు తేలికయే. ముందుగా ప్రతి హల్లును దాని గుర్తుతో కలిపి ఒక గుత్తిగా కట్టి, పిదప గుత్తులను త్రిప్పవలెను. బాలిక అట్లు దిద్దినది. అప్పుడు తెలుగు ఉపాధ్యాయుడు 'స్త్రీ' యను మాటలో ఎన్ని అక్షరములున్నవో లెక్కింపుమనెను. మనకది ఒకే అక్షరము. కంప్యూటరునకు ఆరు సంఖ్యలు: 3128, 3149, 3108, 3149, 3120, 3136. ఇందు రెండుమారులు వచ్చిన 3149 పొల్లు గుర్తు. పొల్లు తరువాత వచ్చు హల్లును కూడ అదే గుత్తిలో చేర్చవలెనని బాలికకు తోచలేదు. ఇందులకు ఆమె సిగ్గుపడనక్కరలేదు. పదమును అక్షరములుగా విడదీయుటకు యూనికోడువారు సామాన్యముగా విధించు సూత్రములలోనే, తెలుగు వంటి లిపులలోని సంయుక్తాక్షరమును విడదీయరాదను నియమము 2023 సెప్టెంబరులో వెలువడిన 15.1 కూర్పునందుగాని చేరలేదు.

ఒక్క చిన్న ప్రోగ్రాము. దాని లోపములను ఇద్దరు బయటపెట్టిరి. వారిలో ఒకడు కథ తెలిసినవాడు, ఒకడు వ్యాకరణము తెలిసినవాడు. ప్రోగ్రాము వ్రాయుట ఇద్దరికిని రానక్కరలేదు. విమర్శకు కావలసినది వేరొక చూపు.

పంచుకొను అలవాటు

ప్రోగ్రాములను ఒకరితో నొకరు పంచుకొనుట క్రొత్త ఆచారము కాదు. 1955లో, అమెరికా దేశమున లాస్ ఏంజిలిస్ ప్రాంతములోని ఐ.బి.యం. కంప్యూటరులను వాడు సంస్థలవారు కలసి 'షేర్' అను సంఘమును స్థాపించిరి. ఆ మాటకు అర్థమే పంచుకొనుట. ఒక సంస్థలో వ్రాసిన ప్రోగ్రామునే మరియొక సంస్థలో తిరిగి మొదటినుండి వ్రాయుట కాలహరణమని వారు గ్రహించిరి. ఆ కాలముననే మన దేశములో కలకత్తానగరపు భారత గణాంక సంస్థయందు విదేశమునుండి తెచ్చిన మొదటి కంప్యూటరు పనిచేయ నారంభించెను.

కాలక్రమమున సాఫ్టువేరు అమ్మకపు సరకైనది. ప్రోగ్రాములోని ఆజ్ఞలను ఇతరులకు చూపక దాచుట వ్యాపార ధర్మమైనది. దీనిని ఎదిరించి రిచర్డ్ స్టాల్‌మన్ అను అమెరికా పండితుడు 1983 సెప్టెంబరులో 'గ్నూ' అను ప్రయత్నమును ప్రకటించెను. ప్రోగ్రామును వాడుటకు, లోపల ఏమున్నదో చదువుటకు, దిద్దుటకు, దిద్దినదానిని తిరిగి పంచుటకు ప్రతివానికిని స్వేచ్ఛ యుండవలెనని ఆయన వాదము. తప్పులు పట్టువారికి ఈ స్వేచ్ఛ ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. మూత తీయనిదే కుండలో ఏమున్నదో ఎట్లు తెలియును?

తప్పు పట్టినవారికి బహుమతి నిచ్చిన పండితుడును కలడు. డోనాల్డ్ నూత్ అను కంప్యూటరు శాస్త్రవేత్త తన గ్రంథములలో తప్పు చూపినవారికి ఒక్కొక్క తప్పునకు 2 డాలర్ల 56 సెంట్లు పంపెదనని ప్రకటించెను. 256 అనునది రెండును ఎనిమిదిమారులు వేసి గుణింపగా వచ్చు సంఖ్య. కంప్యూటరువారికి అది ప్రీతి. పుస్తకములను అందముగా అచ్చువేయుటకు 'టెక్' అను ప్రోగ్రామును ఆయన వ్రాసెను. అందు తాను చేసిన తప్పుల పట్టికను 1989లో స్వయముగా వ్యాసరూపమున వెల్లడించెను. తప్పులను దాచుకొననివాని గౌరవము తరుగదని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

హెల్సింకీ విద్యార్థి

1991 ఆగస్టు 25వ తేదీన ఫిన్లండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి, 21 ఏండ్ల లైనస్ టోర్వాల్డ్స్, ఒక చిన్న లేఖ వ్రాసెను. అప్పటికి ఆండ్రూ టానెన్‌బామ్ అను ఆచార్యుడు విద్యార్థుల శిక్షణకై వ్రాసిన 'మినిక్స్' అను నిర్వాహక ప్రోగ్రాము ప్రచారములో నుండెను. నిర్వాహక ప్రోగ్రామనగా కంప్యూటరులోని తక్కిన పనులన్నిటిని నడిపించు పెద్ద ప్రోగ్రాము. తానును అటువంటిదొకటి సరదాకు వ్రాయుచున్నాననియు, మినిక్సులో ఏవి నచ్చినవో, ఏవి నచ్చలేదో తెలుపవలసినదనియు దానిని వాడువారిని ఆ విద్యార్థి కోరెను. ఆ లేఖ యూజ్‌నెట్ అను వార్తా వ్యవస్థద్వారా దేశదేశములకు పోయెను. యూజ్‌నెట్ కూడ 1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున ఇద్దరు విద్యార్థులు తలపెట్టినదే!

సెప్టెంబరులో బయటపెట్టిన మొదటి కూర్పు సుమారు పదివేల పంక్తుల ప్రోగ్రాము. దానితో సామాన్యులు చేయదగిన పని ఏదియు లేదు. అయినను చూచినవారు దోషములు వ్రాసి పంపిరి; కొందరు దిద్దిన పంక్తులనే పంపిరి. 1992 జనవరిలో టానెన్‌బామ్ స్వయముగా, ఈ ప్రోగ్రాము నిర్మాణపద్ధతి కాలము చెల్లినదని బహిరంగముగా విమర్శించెను. పేరుమోసిన ఆచార్యుడు, డిగ్రీ ఇంకను చేతికిరాని విద్యార్థి! విద్యార్థి కొంత తొందరపడి ఘాటుగా బదులిచ్చినను, పిమ్మట తన దురుసుతనమునకు క్షమాపణ చెప్పెను. వాదము వాదముగానే నిలిచినది, పని ఆగలేదు. అదే ఏట స్టాల్‌మన్ రూపొందించిన స్వేచ్ఛా నిబంధనల క్రిందికి ఆ ప్రోగ్రాము వచ్చెను. 1994 మార్చిలో తొలి పూర్తి కూర్పు వెలువడెను. దాని పేరే లినక్స్. 2008 నుండి వచ్చిన ఆండ్రాయిడు ఫోనులన్నిటికిని ఇదియే పునాది. 2017 నవంబరు పట్టికనుండి ప్రపంచములోని అతివేగముగల 500 కంప్యూటరులును దీనితోనే నడచుచున్నవి.

రైస్ విశ్వవిద్యాలయములో తెలుగు

సరిగా ఆ సంవత్సరములలోనే తెలుగువారికి వేరొక చిక్కు వచ్చి పడినది. అమెరికాలో చదువుకొనుచున్న తెలుగు విద్యార్థులు యూజ్‌నెట్ ద్వారా ఒకరికొకరు పద్యములు, కథలు, పాటలు పంపుకొన నారంభించిరి. కాని నాటి యంత్రములు ఆంగ్లాక్షరములు తప్ప వేరొండు ఎరుగవు. ఆంగ్లలిపిలో తెలుగు వ్రాయుట ఎవరి ఇష్టము వారిది. కల, కళ అను రెండును ఒకే తీరుగా వ్రాయబడెను. పాటయో పాతయో సందర్భమునుబట్టి ఊహించుకొనవలసి యుండెను. మనుష్యుడు ఊహించుకొనును, యంత్రము ఊహింపలేదు.

టెక్సాస్ రాష్ట్రమున హ్యూస్టన్ నగరమందలి రైస్ విశ్వవిద్యాలయములో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ మొదలగువారు దీనికొక ఉపాయము కనిపెట్టిరి. ఆంగ్లలిపిలో 26 అక్షరములే యున్నను, చిన్నవి పెద్దవి వేరుగా లెక్కించినచో 52 అగును. చిన్న 'టి'ని తకారమునకు, పెద్ద 'టి'ని టకారమునకు వాడవచ్చును. అట్లే చిన్న 'ఎల్' లకారము, పెద్ద 'ఎల్' ళకారము. చిన్న 'ఎన్' నకారము, పెద్ద 'ఎన్' ణకారము. ఇప్పుడు కల, కళ వేరైనవి. 'ఆ' అను దీర్ఘమును 'ఎ' రెండుమారులు కొట్టియైనను, పెద్ద 'ఎ' ఒక్కమారు కొట్టియైనను వ్రాయవచ్చును. ఇది వాడువారి అలవాటులను మన్నించిన ఏర్పాటు. దీనికి వారి విద్యాలయము పేరిట 'రైస్ ట్రాన్స్‌లిటరేషన్ స్టాండర్డ్' అను పేరు వచ్చినది, పొట్టిగా ఆర్.టి.ఎస్. అట్లు వ్రాసినదానిని తెలుగు లిపిలోనికి మార్చు ప్రోగ్రామునకు 'రిట్' అని పేరు. ఆ రోజులలోనే ముక్కవిల్లి లక్ష్మణకుమార్, లక్ష్మి అనువారు నూత్ వ్రాసిన టెక్ ప్రోగ్రాముతో తెలుగు అచ్చువేయుటకు అక్షరరూపములను సిద్ధపరచి ఉచితముగా పంచిరి.

ఇట్టి పద్ధతికి పరీక్ష ఎక్కడ జరుగును? చేసినవారి గదిలో కాదు. భాగవత పద్యము నెక్కించువాడు ఋకారము వ్రాయుట ఎట్లని అడుగును; శకట రేఫమును విడువజాలని పండితుడు దానికి గుర్తేదని అడుగును; జానపదగేయము వ్రాయువానికి అరసున్నతో పనిలేదు గాని తేలికగా చదువ వీలుండవలెను. వేర్వేరు రుచులుగల వాడుకదారులు చేతబట్టినప్పుడే లిపి పద్ధతి గట్టిదో కాదో తేలును. ఆర్.టి.ఎస్. ఆ ఒరపిడికి నిలిచినది.

ఒకరి దివ్వెనుండి మరియొకరిది

యూనికోడు తొలి కూర్పు 1991 అక్టోబరులో వెలువడి, తెలుగునకు స్థానము నిచ్చినను, అది ఇంటింటి కంప్యూటరులకు చేరుటకు చాలకాలము పట్టినది. ఈలోపల ఒక్కొక్క పత్రిక, ఒక్కొక్క అచ్చుకూటము తన సొంత అక్షరరూపములను తయారుచేసికొని, తనకు తోచిన సంఖ్యల నిచ్చుకొన్నది. ఒకచోట 'క'ను తెలుపు సంఖ్య మరియొకచోట 'మ'ను తెలుపును. ఆ అక్షరరూపము లేని యంత్రములో ఆ వ్యాసము అర్థములేని గుర్తుల కుప్ప. వేలకొలది పుటల తెలుగు ఈ విధముగా చదువరాక, వెదుకరాక పడియుండెను. తాటాకులను చెదలు తినినట్లు, ఈ రచనలను వాడుక తప్పిన సంఖ్యల పట్టికలు తినివేయు ప్రమాదము ఏర్పడినది.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో యూనికోడు తెలుగు చూచుటకు వీలు కలిగినది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అను పేర్లతో యూనికోడు అక్షరరూపములను తీర్చి ఉచితముగా నిచ్చిరి. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో తెలుగు వికీపీడియా ఆరంభమైనది. ఆయనయే 'పద్మ' యను ప్రోగ్రామును వ్రాసెను. పత్రికల సొంత సంఖ్యలలో చిక్కుకొన్న తెలుగును యూనికోడులోనికి మార్చుట దాని పని. ఆర్.టి.ఎస్. పద్ధతిలో కొట్టినదానిని వెంటనే తెలుగుగా చూపు 'లేఖిని' అను ఉపకరణమును 2006లో వీవెన్ అను పేరుతో వ్రాయు యువకుడు లోకమునకు అందించెను. అంతకు పూర్వము తెలుగు టైపుచేయుట రాని వందలమంది లేఖినితోనే తెలుగులో వ్రాయ నేర్చిరి.

రైస్ విద్యాలయములో కుదిరిన అక్షరపట్టిక పది పదునైదు ఏండ్ల పిమ్మట, దానిని చూడని తరమువారి చేతిలో పనిచేసినది. దానిని దాచియుంచినచో ఇట్లు జరిగియుండునా? ఒకరు వెలిగించిన దివ్వెనుండి మరియొకరు వెలిగించుకొనిరి. మొదటి దివ్వె వెలుగు తరుగలేదు.

విమర్శ నడుగుట ఎట్లు?

ఈ చరిత్రనుండి విద్యార్థులు గ్రహింపదగిన పద్ధతి కొంత కలదు. "నా ప్రోగ్రాము ఎట్లున్నది?" అని అడిగినచో "బాగున్నది" అను సమాధానమే వచ్చును. అది మర్యాద, విమర్శ కాదు. టోర్వాల్డ్స్ అడిగిన తీరు చూడుడు: ఏవి నచ్చినవి, ఏవి నచ్చలేదు అని ప్రత్యేకించి అడిగెను. పంచువాడు మూడు సంగతులు వ్రాసి యీయవలెను: ఇది ఏ పని చేయును, ఏ పని ఇంకను చేయజాలదు, దేనిని పరీక్షింపవలెను. చూచినవాడును "పనిచేయలేదు" అని ఊరకుండరాదు. తాను ఏమి యిచ్చెనో, ఏమి రావలెనని తలచెనో, ఏమి వచ్చినదో చెప్పవలెను. 'వికటకవి యిచ్చితిని, ఔనని రావలెను, కాదని వచ్చినది' – ఈ ఒక్క వాక్యము పది పొగడ్తలకంటె విలువైనది. ఇది ప్రయోగశాల పుస్తకములో పరిశీలనలు వ్రాయు పద్ధతియే.

ఇంకొక సంగతి. విమర్శ పనికి సంబంధించినది, మనిషికి సంబంధించినది కాదు. తప్పు పట్టబడిన విద్యార్థి చిన్నబుచ్చుకొని ప్రోగ్రామును మూలవైచినచో నష్టము ఇరువురిది. అట్లు మానుకొన్నవారి పేర్లు ఏ చరిత్రలోను ఉండవు గనుక ఆ నష్టమెంతో మనకు తెలియదు. తొలి ప్రయత్నమును చూచి నవ్వకుండుట, మంచిమాటతో తప్పు చూపుట తరగతిగదిలో నేర్పవలసిన విద్య. ఈ బాధ్యత ఉపాధ్యాయులది.

అడవి అంచున చేయదగిన పని

జూలూరుపాడు వంటి చోట విద్యార్థికి చేయదగిన ప్రోగ్రాము లేమున్నవని అనుమానింపనక్కరలేదు. ప్రత్తి అమ్ముకొను రైతు, బస్తాల మొత్తపు తూకమునుండి గోనెల బరువు తీసివేసి, క్వింటాలు అనగా 100 కిలోల ధరనుబట్టి తనకు రావలసిన పైకము తేల్చుకొనవలెను. ఇది తొమ్మిదవ తరగతి లెక్కయే. దానిని ప్రోగ్రాముగా వ్రాసి రైతు చేతికిచ్చినచో, తడిసిన ప్రత్తికి కోత పెట్టుదురు గదా, దానికి చోటేదని ఆయన అడుగును. పుస్తకములో లేని ఆ ప్రశ్నయే అసలైన పరీక్ష.

అంతకంటె పెద్ద పనియు కలదు. ఈ ప్రాంతమున ఇంటిలో కోయభాషయో లంబాడీభాషయో మాటాడి, బడిలో తెలుగు చదువు పిల్లలు అనేకులు. ఆ భాషల మాటలను తెలుగు లిపిలో కూర్చి, అర్థములు చూపు చిన్న నిఘంటు ప్రోగ్రామును వ్రాయుటకు తగినవారు ఆ పిల్లలే. దానిని విమర్శింప తగినవారు వారి అవ్వలు, తాతలు. అడవిలోని భాషకు కంప్యూటరులో చోటుండదని తలపరాదు. ఆదిలాబాదు జిల్లాలోని గుంజాల గ్రామమున వ్రాతప్రతులలో దొరికిన గోండీ లిపి 2018లో యూనికోడున చేరినది. లిపికి సంఖ్యలు వచ్చుట ఆరంభము మాత్రమే. ఆ సంఖ్యలతో పనిచేయు ప్రోగ్రాములను ఎవరో ఒకరు వ్రాయవలెను, ఎవరో ఒకరు వానిని పరీక్షింపవలెను.

వారమునకు ఒక్క గంట, విద్యార్థులు తాము వ్రాసిన ప్రోగ్రాములను మార్చుకొని ఒకరి తప్పులు ఒకరు వెదుకు ఏర్పాటు పాఠశాలలలో చేయవచ్చును. కంప్యూటరులు తక్కువైనను బాధలేదు. ఆజ్ఞలను కాగితముపై వ్రాసి, మరియొకరు యంత్రమువలె వానిని తు.చ. తప్పక పాటించి చూచినను సగము తప్పులు తేలును. మొదటి పరీక్షగా వికటకవి యను మాటనే యిచ్చి చూడుడు.